డల్లాస్ జాబ్‌కి వెళ్తూ నా మస్టాంగ్‌ని కూడా తీసుకెళ్ళొచ్చా అన్నా?

ప్రశ్న: అన్నా, మాది గుంటూరు, లక్ష్మీపురం. నాకు 32. ఆఫీసోళ్ళు డల్లాస్ పంపిస్తామంటున్నారు, మూడేళ్ళకి, వీసా పని మొదలైంది. అది కుదరకపోతే మెల్‌బోర్న్ టీమ్‌లో ఖాళీ ఉందంట. నా దగ్గర 2017 మోడల్ ఫోర్డ్ మస్టాంగ్ జీటీ ఉంది, 2023లో హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నా, ఇంకా టీఎస్ నంబర్ మీదే తిరుగుతోంది, ఆర్సీ నా పేరు మీదకి మారి ఎనిమిది నెలలే అయింది. లోన్ ఏం లేదు. సామాను షిప్పింగ్‌కి కంపెనీ డబ్బులిస్తదంట. నాన్నేమో అమ్మెయ్ రా అంటాడు, మా ఆవిడ షెడ్డులో పెట్టి తాళం వేద్దాం అంటది, నాకేమో వదిలి వెళ్ళబుద్ధి కావట్లా. తీసుకెళ్ళే దారి ఉందా? లేకపోతే అమ్మాలా ఉంచాలా? పోనీ ఎగ్జాస్ట్, అల్లాయ్స్ అయినా లగేజీలో వేసుకెళ్ళొచ్చా?

సమాధానం: తమ్ముడూ, నువ్వు ఏ జవాబు కోసం ఇంత ఉత్తరం రాశావో నాకు తెలుసు, కానీ అది ఇవ్వలేను. డల్లాస్ అయితే కారు తీసుకెళ్ళొద్దు. డబ్బులు ఎక్కువవుతాయని కాదు, డబ్బులున్నా కుదరదు.

ఇందులో తమాషా ఏంటంటే నీ కారు పుట్టింది అమెరికాలోనే. ఆర్సీ తీసి చాసిస్ నంబర్ చూడు, 1తో మొదలవుద్ది, అంటే అమెరికాలో తయారైన బండి అని. ఆ తరం మస్టాంగ్‌లన్నీ మిషిగన్‌లో ఫ్లాట్ రాక్ అనే ఊళ్ళో ఉన్న ఫోర్డ్ ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి, అక్కడే స్టీరింగ్ కుడివైపు పెట్టి 2016 నుంచి మన దేశానికి పంపించారు. అలాంటిది ఇప్పుడు పుట్టింటికి పోదామంటే గుమ్మంలోనే ఆపేస్తారు, ఎందుకంటే అమెరికా రోడ్డు మీద తిరగాల్సిన ప్రతి బండికీ వాళ్ళ సేఫ్టీ రూల్స్ ప్రకారం తయారైందని కంపెనీ సర్టిఫై చేసిన స్టిక్కర్ ఉండాలి, మామూలుగా డ్రైవర్ డోర్ దగ్గర అంటిస్తారు. నీ బండి ఇండియా కోసం చేసిన బండి, కాబట్టి ఆ స్టిక్కర్ దానికి ఉండదు. పేరు మస్టాంగ్, ఇంజిన్ అదే 5 లీటర్ల వీ8, ఫ్యాక్టరీ కూడా అదే అయినా సరే లైట్లు, ఎమిషన్ (పొగ) సెటప్ ఇలాంటివన్నీ ఏ దేశానికి పంపే బండికి ఆ దేశం రూల్ ప్రకారం మారతాయి. కస్టమ్స్ ఆఫీసర్ బండి అందం చూడడు, స్టిక్కర్ చూస్తాడు.

అక్కడ 1988లో ఒక చట్టం చేశారు, దాని ప్రకారం వాళ్ళ సేఫ్టీ రూల్స్‌కి సరిపోని బండిని పర్మనెంట్‌గా తెచ్చుకోవాలంటే అది తయారై 25 ఏళ్ళు దాటాలి. ఎమిషన్ విషయంలో వాళ్ళ పర్యావరణ శాఖ ఈపీఏ 21 ఏళ్ళకే వదిలేస్తది గానీ సేఫ్టీ వాళ్ళు 25 దాకా వదలరు. అంటే నీ 2017 బండికి గేటు తెరుచుకునేది 2042లో. అప్పటికి నీకు పెళ్ళీడుకొచ్చిన పిల్లలు ఉంటారేమో.

ఇప్పుడు నీకు వాట్సాప్‌లో ఎవడో ఒకడు చెప్తాడు చూడు, నాన్ రెసిడెంట్ అయితే ఏడాది పాటు తీసుకెళ్ళొచ్చు అని. ఆ మాట నిజమే, హెచ్‌ఎస్-7 అనే ఫారంలో దానికో గడి ఉంది, ఈపీఏకి 3520-1 అని ఇంకో ఫారం ఉంది. కానీ అది అమెరికా చూసి రావడానికి వెళ్ళేవాళ్ళ కోసం పెట్టిన దారి. బండి బయటి దేశం రిజిస్ట్రేషన్ మీదే ఉండాలి, అక్కడ అమ్మకూడదు, ఏడాది లోపు తిరిగి బయటికి పంపేయాలి. మూడేళ్ళ జాబ్‌కి వెళ్తూ, అపార్ట్‌మెంట్ లీజు రాసుకుని, టెక్సాస్ లైసెన్స్ తీసుకుని, నేను విజిటర్‌ని అని ఫారం మీద సంతకం పెడితే అది ఫెడరల్ ప్రభుత్వానికి అబద్ధం రాసిచ్చినట్టే, వీసా మీద బతికేవాడు చేయాల్సిన పని కాదది. పైగా ఆ ఏడాది నంబర్ ప్లేట్ మన తెలంగాణదే ఉంటది, దానికి ఇన్సూరెన్స్ ఇచ్చే కంపెనీని వెతకడంతోనే సగం కాలం అయిపోద్ది.

ఇంకొకడు రెజిస్టర్డ్ ఇంపోర్టర్ అని చెప్తాడు. అదీ ఉంది. ప్రభుత్వం గుర్తించిన ఆ ఇంపోర్టర్ నీ బండిని విప్పి వాళ్ళ రూల్స్‌కి తగ్గట్టు మార్చాలి, అది అయ్యేదాకా బండి విలువకి ఒకటిన్నర రెట్లు బాండ్ కట్టాలి, మార్పులకి ఇచ్చే గడువు 120 రోజులు, ఎమిషన్ పని చేసేవాళ్ళు మళ్ళీ వేరే. అదంతా అయ్యేసరికి అక్కడ ఇంకో మస్టాంగ్ వచ్చేసేంత ఖర్చు తేలుద్ది. కాగితాలు తారుమారు చేసి దించినవాళ్ళ బండ్లని కస్టమ్స్ వాళ్ళు పట్టుకుని ప్రెస్‌లో నలిపేసిన సందర్భాలు కూడా ఉన్నాయి, కాబట్టి "ఎవరు చూస్తారులే" అనే మన లెక్క అక్కడ వేయొద్దు.

మెల్‌బోర్న్ సంగతి వేరే. నిజంగా కారు మీద అంత ప్రేమ ఉంటే నువ్వు కూర్చుని ఆలోచించాల్సిన ఊరు అదే. స్టీరింగ్ కుడివైపే, ఫోర్డ్ వాళ్ళు కుడి స్టీరింగ్ మస్టాంగ్‌ని అక్కడ అధికారికంగా అమ్మారు, అదీ బాగా అమ్మారు, కాబట్టి స్పేర్లు, మెకానిక్‌లు దొరకడం మన దగ్గరకన్నా సుఖం. వేరే దేశంలో వాడుకున్న సొంత బండిని తెచ్చుకోవడానికి పర్సనల్ ఇంపోర్ట్ అని వాళ్ళ చట్టంలోనే ఓ దారి పెట్టారు. అయితే ఇక్కడే నీ ఆర్సీ అడ్డం పడుద్ది తమ్ముడూ. ఆ దారిలో వెళ్ళాలంటే బయటి దేశంలో ఆ బండి కనీసం 12 నెలలు వరసగా నీ సొంతమై, నీ వాడకంలో ఉందని కాగితాలతో చూపించాలి. నువ్వేమో 2023లో కొని ఆర్సీ మార్పించుకోవడానికి ఇన్నాళ్ళు పట్టించావ్, ఎందుకు పట్టించావో నువ్వు రాయలా, నేనూ అడగను గానీ మన గుంటూరు, విజయవాడల్లో సగం పెద్ద కార్ల కథ ఇదే, పాత ఓనర్ పేరు, తెలంగాణ నంబర్, ఇన్సూరెన్స్ ఇంకెవరి పేరునో. కొన్నప్పటి బ్యాంక్ ట్రాన్స్‌ఫర్, సేల్ అగ్రిమెంట్, నీ పేరు మీద సర్వీస్ బిల్లులు ఉంటే అవన్నీ పెట్టి ఓనర్‌ని నేనే అని వాదించొచ్చు, కానీ ఆర్సీలో డేట్ ఒకటి చెప్తూ నువ్వు ఇంకోటి చెప్తే వినేవాడు ఎందుకు వినాలి. నాలుగు నెలలు ఆగి వెళ్ళే వీలుంటే ఆ తలనొప్పే లేదు. వీసా రకం కూడా చూస్తారు, పర్మనెంట్ రెసిడెన్సీ మీద వెళ్ళేవాడికీ టెంపరరీ వర్క్ వీసా మీద వెళ్ళేవాడికీ ఒకే జవాబు రాదు, కాబట్టి నీ వీసా పేరు చెప్పి అడగకుండా ఒక్క రూపాయి కూడా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

అన్నిటికన్నా ముఖ్యమైంది, ఇంపోర్ట్ అప్రూవల్ చేతికొచ్చాకే బండి ఓడ ఎక్కాలి. ఓడ ఎక్కించేసి ఆనక అప్లై చేద్దాంలే అనుకున్నావో, బండి అక్కడ పోర్టులో కూర్చుంటది, రోజుకింత అద్దె పెరుగుతూ ఉంటది, అప్రూవల్ రాకపోతే తిరుగు ఓడ ఖర్చు కూడా నీదే. పన్నులు మామూలుగా కస్టమ్స్ డ్యూటీ 5 శాతం, ఆ పైన జీఎస్టీ 10 శాతం, బండి ఖరీదైనదైతే లగ్జరీ కార్ ట్యాక్స్ అని ఇంకోటి ఉంది, సుమారు 80 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటిన భాగం మీద 33 శాతం. పాత మస్టాంగ్‌కి ఆ మూడోది తగలకపోవచ్చు.

ఆస్ట్రేలియా వాళ్ళకి ఇంకో పిచ్చి ఉంది, మట్టి. నవ్వొద్దు, సీరియస్‌గా చెప్తున్నా. టైరు పైన లోపలి గుంతలో ఎండిన రేగడి పెచ్చు ఉన్నా, రేడియేటర్‌లో పురుగులు ఇరుక్కుని ఉన్నా, సీటు కింద గింజలు ఉన్నా క్వారంటైన్ వాళ్ళు బండి ఆపి, క్లీనింగ్ చేయించి, బిల్లు నీకే ఇస్తారు. మనది గుంటూరు, ఎప్పుడో డిక్కీలో మిర్చి బస్తా వేసి ఉంటావ్, కాదనకు, మస్టాంగ్ డిక్కీలో కూడా వేసేవాళ్ళున్నారు, ఆ గింజ ఒక్కటి కార్పెట్ కింద దొరికినా చాలు. కాబట్టి కార్పెట్లు ఎత్తి, కింద స్టీమ్ వాష్ కొట్టించి, ఫోటోలు తీసి పెట్టుకోవాలి. ఆస్బెస్టాస్ ఉన్న వస్తువేదీ 2003 చివర్నుంచి ఆ దేశంలోకి రానివ్వట్లా. బ్రేక్ ప్యాడ్లో గాస్కెట్లో లోకల్‌వి వేయించి ఉంటే వాటిల్లో ఏముందో ఎవరికీ తెలీదు, అవి తీసేసి కంపెనీవి వేయించి బిల్లు దాచు.

నీలాగే ఇంకా చాలామంది అడుగుతున్నారు కాబట్టి మిగతా దేశాలు నాలుగు ముక్కల్లో చెప్తా. దుబాయ్, సౌదీ అయితే కుడి స్టీరింగ్ బండికి అక్కడ రిజిస్ట్రేషన్ ఇవ్వరు, కథ అక్కడితో సరి. కేరళ వాళ్ళు మన నంబర్ ప్లేట్లతో దుబాయ్‌లో తిరిగే వీడియోలు చూసి మోసపోవద్దు, వాళ్ళు వెళ్ళేది కార్నే మీద, అంటే బండిని మళ్ళీ వెనక్కి తెస్తామని గ్యారంటీ కట్టి ఏడాది లోపు తిరిగొచ్చే పద్ధతి, ముంబైలో వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్ ఇస్తది, అది టూరిస్టుకి, అక్కడ రెసిడెన్సీ తీసుకుని జాబ్ చేసేవాడికి కాదు. సింగపూర్‌కి మూడేళ్ళు దాటిన బండి రానే రాదు, వచ్చినా రోడ్డెక్కే హక్కు కోసం వేలంలో సర్టిఫికెట్ కొనాలి, ఈమధ్య పెద్ద కార్లకి అదే లక్ష సింగపూర్ డాలర్లు దాటి పలికింది. ఇంగ్లండ్ కాస్త దయగలది, బయటి దేశంలో 12 నెలలు ఉండి, బండి కనీసం 6 నెలలు నీ వాడకంలో ఉంటే డ్యూటీ, వ్యాట్ మినహాయింపు అడగొచ్చు, కాకపోతే వచ్చిన ఏడాది లోపు దాన్ని అమ్మకూడదు.

మెల్‌బోర్న్‌కే ఫిక్స్ అయ్యావనుకుందాం. బండి వెళ్ళడానికి రెండు పద్ధతులు. ఒకటి రోరో, అంటే బండిని నడుపుకుంటూ ఓడలోకి ఎక్కించడం, చెన్నై దగ్గరి ఎన్నూర్ పోర్టు నుంచి కార్ల కంపెనీలు ఎగుమతులు చేసేది అలాగే. రెండోది కంటైనర్. నీ ఒక్క బండికైతే కంటైనరే నయం, పోర్టులో ఎవడెవడో స్టీరింగ్ పట్టుకోడు. అయితే 20 అడుగుల కంటైనర్ లోపల వెడల్పు 2.35 మీటర్లు, నీ మస్టాంగ్ అద్దాలు కాకుండానే 1.9 మీటర్లు దాటుద్ది, రెండు డోర్ల బండికి డోర్లు పొడుగు, కాబట్టి లోపలికి నడిపినోడు డోర్ తీసుకుని బయటికి రాలేడు, కిటికీలోంచి దూరి రావాలి, లేదా వించ్‌తో లాగి ఎక్కించాలి. బెల్టు బకిల్ గీసుకుని పెయింట్ పోయేది సరిగ్గా అప్పుడే. ఎక్కించేటప్పుడు నువ్వు పక్కన ఉండు, వీడియో తియ్యి, పెట్రోల్ పావు ట్యాంకు లోపే ఉంచు, బ్యాటరీ టెర్మినల్ తీయించు. పట్టీలు చక్రాలకి కట్టాలి గానీ సస్పెన్షన్ భాగాలకి కాదు. ఇక్కణ్ణుంచి చెన్నై దాకా నువ్వే నడుపుకుంటూ పోతానంటే హైవే బాగానే ఉంటది గానీ పోర్టు దగ్గర ఆ కంటైనర్ లారీల గుంతల్లో పొట్ట గీరుకుపోద్ది, ఫ్లాట్‌బెడ్ మీద పంపు.

ఇన్సూరెన్స్ సంగతి మాత్రం నెమ్మదిగా చదువు. ఇక్కడి మోటార్ పాలసీ ఓడ ఎక్కిన బండికి పనికిరాదు, మెరైన్ పాలసీ వేరే తీసుకోవాలి, అందులోనూ టోటల్ లాస్ మాత్రమే ఇచ్చేది చవగ్గా ఉంటది, గీత పడినా డెంట్ పడినా ఇచ్చేది వేరే ఉంటది, నీకు కావాల్సింది రెండోది. పాలసీలో జనరల్ యావరేజ్ కవర్ ఉందో లేదో తప్పకుండా అడుగు. సముద్రం మీద ఆపదొచ్చి ఓడని కాపాడటానికి ఖర్చు పెడితే ఆ ఖర్చుని ఓడలో సరుకు ఉన్నోళ్ళందరూ పంచుకోవాలి, నీ కారుకి గీత కూడా పడకపోయినా సరే, ఇది పాతకాలం నుంచీ ఉన్న రూల్. 2021లో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ అడ్డం తిరిగినప్పుడు అదే ప్రకటించారు, సరుకు విడిపించుకోవాలంటే ముందు గ్యారంటీ కట్టమన్నారు. ఓడ మునిగేదెక్కడలే అంటావా, 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే ఓడ జర్మనీ నుంచి అమెరికా పోతూ అట్లాంటిక్‌లో అంటుకుంది, మార్చి 1న మునిగిపోయింది, దాదాపు 4 వేల కార్లు, అందులో పోర్షేలు, బెంట్లీలు, లాంబోర్గినీలు. లాంబోర్గినీ వాళ్ళు అవెంటడోర్ తయారీ ఆపేసి కూడా మునిగిన బండ్ల కోసం మళ్ళీ చేయాల్సి వచ్చింది. నీ మస్టాంగ్‌ని ఎవరూ మళ్ళీ చేసివ్వరు కాబట్టి పాలసీలో రాసే విలువ తగ్గించుకోవద్దు.

ఇక్కడి కాగితాలకి మంచి క్లియరింగ్ ఏజెంట్‌ని పట్టుకో. బండి తెలంగాణలో రిజిస్టర్ అయింది కాబట్టి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) పని అక్కడి ఆర్టీఏలో పడుద్ది, మన గుంటూరు ఆర్టీఏ చుట్టూ తిరిగి లాభం లేదు. షిప్పింగ్ బిల్లులో ఇంజిన్ నంబర్, చాసిస్ నంబర్ రెండూ సరిగ్గా ఎక్కాయో లేదో నువ్వే కళ్ళతో చూసుకో, రేపు ఎప్పుడైనా బండి వెనక్కి తెచ్చుకోవాలంటే ఇది ఇక్కణ్ణుంచి పోయిన బండే అని నిరూపించే కాగితం అదే.

సరే, డల్లాసే ఖాయం అనుకుందాం, నీ ఉత్తరం చూస్తే మనసు అటే ఉంది. అప్పుడు అమ్మాలా ఉంచాలా.

నేను మీ నాన్న వైపు. మూడేళ్ళు అని వెళ్ళినవాళ్ళు మూడేళ్ళకి తిరిగొచ్చింది తక్కువ. మీ ఆవిడ చెప్పిన షెడ్డు ఐడియా వినడానికి ఖర్చు లేనట్టు ఉంటది గానీ మస్టాంగ్‌ని ఊరికే నిలబెట్టడం దాన్ని నడపడం కన్నా ఎక్కువ పని. బ్యాటరీకి ట్రికిల్ చార్జర్, అంటే కొద్దికొద్దిగా చార్జ్ ఎక్కించేది, పెట్టి వదలాలి. టైర్లు ఒకేచోట నిలబడి చదునెక్కకుండా కదుపుతూ ఉండాలి. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమ పీల్చుకుంటది, మన కృష్ణా జిల్లా, గుంటూరు జిల్లా గాల్లో తేమకి కరువా. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అదీ తేమ లాక్కుంటది, నెలల తరబడి ట్యాంకులో ఉంచే సరుకు కాదు. అన్నిటికన్నా పెద్ద శత్రువు ఎలుకలు. బానెట్ కింద వెచ్చగా, చీకటిగా, ఎవరూ రాని చోటు, వైర్లు నమిలిపెడితే మస్టాంగ్ వైరింగ్ హార్నెస్ ఆటోనగర్‌లో దొరకదు, ఫోర్డ్ వాళ్ళు ఇక్కడ తయారీ ఆపేస్తున్నామని 2021లో ప్రకటించాక సర్వీస్ ఉంది గానీ ఇలాంటి భాగం బయటినుంచి రావాల్సిందే. పదిహేను రోజులకోసారి బండి తీసి ఇంజిన్ బాగా వేడెక్కేదాకా హైవే మీద నడిపి తెచ్చేవాళ్ళు ఇంట్లో ఉంటే ఉంచు, ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేస్తే మంచికన్నా చెడే ఎక్కువ. మీ నాన్న ఆ పని చేస్తాడా? బ్రాడీపేట లైన్లలో ఆ స్పీడ్ బ్రేకర్ల మీద ఆ పొడుగు బానెట్ ఏటవాలుగా ఎక్కించే ఓపిక ఆయనకుందా? అమ్మెయ్ రా అన్నాడంటే లేదనే అర్థం.

ఉంచేటట్టయితే మాత్రం థర్డ్ పార్టీతో సరిపెట్టొద్దు, నిలబడిన బండికి కూడా నిప్పు, దొంగతనం, వరద ఉంటాయి, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వైపు ఎన్ని కార్లు నీళ్ళలో నానాయో చూశాం కదా. నాన్న పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ కూడా రాసిచ్చి వెళ్ళు, లేకపోతే ఏ కాగితం మీద సంతకం కావాలన్నా డల్లాస్ నుంచి కొరియర్లు నడపాలి.

అమ్మేటట్టయితే ఒక చిన్న లాభం నీ తప్పులోనే ఉంది. వేరే రాష్ట్రం బండి ఇక్కడ ఏడాది దాటి తిరిగితే ఏపీ నంబర్ తీసుకోవాలన్నది చట్టం, నువ్వు తీసుకోలా. ఇప్పుడు హడావుడిగా ఏపీకి మార్చి లైఫ్ ట్యాక్స్ కట్టొద్దు, ఎందుకంటే ఈ బండి కొనే పార్టీ గుంటూరులో దొరకడం కష్టం, హైదరాబాద్‌లోనే దొరుకుతాడు, వాడికి తెలంగాణ నంబరే సుఖం. కాకపోతే డబ్బులు పడగానే తాళాలిచ్చి ఫ్లైట్ ఎక్కొద్దు. ఓనర్ మార్పు కాగితాలు ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టడంతో నీ పని అయిపోలా, ఆర్సీ వాడి పేరు మీదకి మారిందని ఆన్‌లైన్‌లో కనపడేదాకా బండి నీదే. రికార్డుల్లో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్, యాక్సిడెంట్ అయితే పరిహారం వాళ్ళ మెడకే అని సుప్రీంకోర్టు 2018లో తేల్చి చెప్పింది, అమ్మేశాను అన్న మాట చెల్లలా. నీకు అమ్మినాయన ఇన్నాళ్ళు ఆ భయంతోనే బతికి ఉంటాడు పాపం. ఫాస్టాగ్ కూడా క్లోజ్ చెయ్యి, లేకపోతే కాజ టోల్‌గేట్ దాటేది వాడు, మెసేజ్ వచ్చేది డల్లాస్‌లో నీకు.

అక్కడికి వెళ్ళాక కావాలంటే మస్టాంగ్ కొనుక్కో. కొత్త జీటీ నలభై వేల డాలర్ల పైచిలుకు, పాతవి ఏ సెంటర్‌లో చూసినా కనపడతాయి, ఇక్కడ బెంజ్ సర్కిల్‌లో నీ బండి చుట్టూ మూగే కుర్రాళ్ళు అక్కడ ఉండరు, ఎవడూ తల కూడా తిప్పడు, అది నీకు నచ్చుద్దో లేదో నువ్వే చూసుకోవాలి. పాత బండి కొనేటప్పుడు టైటిల్ (ఓనర్‌షిప్ కాగితం) క్లీన్‌గా ఉందో లేదో చూడు, సాల్వేజ్ (బాగా దెబ్బతిన్న బండి), రీబిల్ట్ (అలాంటిదాన్ని బాగుచేసిన బండి) అని ఉంటే చవగ్గా వచ్చినా వద్దు. డల్లాస్ వైపు వడగళ్ళు పెద్దవి పడతాయి, బానెట్ మీద, రూఫ్ మీద చిన్న సొట్టలున్నాయేమో పక్కనుంచి వెలుతురు పడేలా చూడు. అక్కడి డ్రైవింగ్ రికార్డు లేని కొత్తవాడికి స్పోర్ట్స్ కారు ఇన్సూరెన్స్ బాదుడే, కాబట్టి మొదటి ఏడాది ఏ టయోటా కామ్రీనో నడిపి రికార్డు తెచ్చుకో. టెక్సాస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళు 90 రోజుల్లో అక్కడి లైసెన్స్ తీసుకోవాలి, వెళ్ళేముందు ఇక్కడ ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్తే ఈలోపు పనికొస్తది.

కంపెనీ సామాను డబ్బుల గురించి హెచ్‌ఆర్‌ని ఒక్క ముక్క మెయిల్‌లో అడుగు, షిప్పింగ్ వాడుకోకపోతే ఆ డబ్బు చేతికిస్తారా అని. చాలా కంపెనీలు ఇస్తాయి, అడిగినోడికే ఇస్తాయి. మెల్‌బోర్న్ అయితే కారు దాని కిందకి వస్తదా రాదా అనేది కూడా అదే మెయిల్‌లో రాయించుకో, ఇంటి సామాను అంటే చాలా పాలసీల్లో బండ్లు లెక్కలోకి రావు.

ఇక ఎగ్జాస్ట్, అల్లాయ్స్. నాయనా, 19 ఇంచుల అల్లాయ్ టైరుతో సహా ఒక్కటే ఇరవై కిలోలు దాటుద్ది, విమానంలో నీకిచ్చేది బ్యాగ్‌కి 23 కిలోలు. వాడిన ఎగ్జాస్ట్ పైపు చెకిన్‌లో వేస్తే పెట్రోల్ వాసన తగిలిందంటే ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగ్ విప్పించి పక్కన పెట్టేస్తారు. అక్కడ మస్టాంగ్‌కి ఎగ్జాస్ట్‌లు, అల్లాయ్స్ కొట్టుకొట్టుకీ దొరుకుతాయి, ఇక్కడికన్నా చవగ్గా. నువ్వు చేయాల్సిందల్లా బండితో వచ్చిన ఒరిజినల్ ఎగ్జాస్ట్ ఎక్కడ పడేశావో వెతికి తీయడం, కొనేవాడు మొదట అడిగేది అదే, అది లేదంటే బేరం అక్కడే లక్ష దిగుద్ది.